అరగంట ఆగి రా

తొమ్మిదో రోజు పొద్దున చిన్నకోడూరు దాటి కాలువ కట్ట ఎక్కేసరికి వాన వెలిసింది గానీ, దారి దారిలా లేదు. పైనున్న మొరం కొట్టుకుపోయి, అడుగున ఉన్న మట్టి ముద్దలా తేలింది. చక్రం రెండు చుట్లు తిరిగేసరికి అరచెయ్యి మందాన బురద పట్టుకుని మడ్‌గార్డులో బిగుసుకుపోతోంది. ఉప్పలయ్య దిగి, తుమ్మపుల్ల ఒకటి విరిచి, ముందు కాశీనాథం సైకిలుకు గోకాడు. తర్వాత తనదానికి గోక్కున్నాడు. నూరడుగులు పోయాక మళ్లీ అదే పని.

"ఇంకెంతున్నదిరా?" అన్నాడు కాశీనాథం, రొప్పుతూ.

"నంగునూరు తొవ్వ మీది వంతెనకు పదకొండు. గాడికెళ్లి కాలువ ఆఖరుకు ఇంకో మూడు."

"గీ బురదల పద్నాలుగంటే ముప్పై లెక్క."

"మూడొందలు తొక్కినం కాశీ. గిదొక లెక్కనా?"

ఇద్దరికీ అరవై ఏళ్లు అటూ ఇటూ. సిద్దిపేట హైస్కూల్లో ఐదేళ్లు ఒకే బెంచీ మీద కూర్చున్నారు. పదో తరగతి అయ్యాక కాశీనాథం వాళ్ల నాయిన బట్టల దుకాణంలో గల్లా దగ్గర కూర్చున్నాడు. ఉప్పలయ్య ఇంట్లో గుంట మగ్గంలో దిగాడు. ఆ తర్వాత దాదాపు నలభై ఏళ్లు ఏ పెళ్లిలోనో ఎదురుపడితే నవ్వుకోవడం, "మంచిగున్నవా" అంటే "మంచిగున్న" అనుకోవడం, అంతే. ఐదేళ్ల కిందట కాశీనాథానికి గుండెలో స్టెంటు వేశారు. సైకిలు తొక్కమని డాక్టరు చెబితే గేర్ల సైకిలు కొన్నాడు గానీ ఎక్కాలంటే భయపడ్డాడు. కోమటి చెరువు కట్ట మీద దాన్ని దూడను తోలుకెళ్లినట్టు నడిపించుకుపోతుంటే ఉప్పలయ్య కంటపడ్డాడు.

"ఎక్కు కాశీ, నేను పట్టుకుంట," అని ఉప్పలయ్య సీటు వెనక చెయ్యి వేశాడు. నెల రోజుల దాకా ఆ చెయ్యి తీయలేదు. అప్పటి నుంచి రోజూ పొద్దున్నే ఇద్దరూ కలిసి తొక్కుతున్నారు. పొద్దంతా మగ్గం తొక్కే కాళ్లకు సైకిలు బరువా? ఉప్పలయ్య ఎప్పుడూ కాశీనాథం వేగానికి తగ్గించుకునే తొక్కేవాడు. ఆ సంగతి కాశీనాథానికి తెలియనిచ్చేవాడు కాదు.

యాత్ర ఆలోచన ఉప్పలయ్యదే. నంగునూరు అవతల తన అక్కవాళ్ల పొలం పక్క కుంటలోకి కాలువ నీళ్లు వచ్చిన ఏడాది చూసి వచ్చాడు. అప్పుడే పురుగు కుట్టింది. "గీ నీళ్లు ఏడికెళ్లి వస్తున్నయో చూడాలె కాశీ. గోదారొడ్డు కాడ మొదలువెట్టి నీళ్లెంబడే రావాలె. ఆఖరుకు ఏడ ఆగుతయో గాడిదాకా." కాశీనాథం మొదట నవ్వాడు. రెండేళ్లు చెవిలో పోరితే ఒప్పుకున్నాడు. కాశీనాథం కొడుకు సుధాకర్ సైకిళ్లను బండిలో వేసుకుని ఇద్దరినీ గోదావరి ఒడ్డున దింపి వెళ్లిపోయాడు.

అక్కడి నుంచి ఎనిమిది రోజులు నీళ్లతోపాటే వచ్చారు. నీళ్లు సొరంగంలోకి దిగిన చోట వీళ్లు రోడ్డెక్కారు, నీళ్లు మళ్లీ పైకి తేలిన చోట కట్టెక్కారు. బడి వరండాల్లో, ఫంక్షన్ హాళ్ల మెట్ల మీద పడుకున్నారు. గేర్ల సైకిలుకు క్యారియర్ లేదు కాబట్టి ఇద్దరి సామానూ ఉప్పలయ్య నల్ల సైకిలు మీదే వచ్చింది. నాలుగు పంచర్లు పడ్డాయి. నాలుగూ కాశీనాథం సైకిలుకే. నాలుగూ ఉప్పలయ్యే అతికాడు.

మూడో రోజు మాత్రం ఉప్పలయ్యకు గుండె జారినంత పని అయింది. ఊరూ పేరూ లేని ఒక చోట కాశీనాథం సైకిలు పడేసి కట్ట మీద కూలబడ్డాడు. ఛాతీ పట్టేసిందన్నాడు. ఉప్పలయ్య తువ్వాలు తడిపి మెడకు చుట్టి, గోళీ నాలుక కింద పెట్టి, వీపు రాస్తూ గంటసేపు పక్కనే కూర్చున్నాడు.

"నేను పోత ఉప్పలయ్యా. నా పని అయిపోయింది," అని ఏడ్చాడు కాశీనాథం.

"ఏం గాదు. పోదామంటే పోదాం, ఆగుదామంటే ఆగుదాం. నిన్ను ఇడిసి నేను ఒక్క అడుగు వెయ్య. ఊపిరి మెల్లగ తీస్కో. ఇంకోటి తీస్కో. గంతే."

గంట తర్వాత పెద్ద తేన్పు ఒకటి వచ్చి నొప్పి పోయింది. కాశీనాథం సిగ్గుపడి నవ్వాడు. ఉప్పలయ్య చెయ్యి మాత్రం చాలాసేపు వదల్లేదు.

రోజూ రెండు మూడుసార్లు కాశీనాథం తన ఫోను ఇచ్చి "వీడియో తియ్యిరా" అనేవాడు. నిండు గ్లాసు పట్టుకున్నట్టు ఉప్పలయ్య దాన్ని రెండు చేతులతో పట్టుకుని, కదలకుండా తీసేవాడు. కాశీనాథం తొక్కుతూ వస్తున్నది, నీళ్ల వైపు చూస్తున్నది, చెయ్యి ఊపుతున్నది. అవి సుధాకర్‌కు పోయేవి. సుధాకర్ వాటికి పాటలూ మాటలూ పెట్టి ఎక్కడెక్కడో వేస్తున్నాడని కాశీనాథం చెప్పేవాడు. ఉప్పలయ్య దగ్గర ఉన్నది బటన్ల ఫోను. అవెలా ఉన్నాయో అతడు చూడలేదు, చూపించమని అడగాలనీ తోచలేదు.

ఇవాళ మాత్రం కాశీనాథం ఫోను ఊరుకోవడం లేదు. మోగినప్పుడల్లా దూరంగా నడిచిపోయి, "ఆ... ఆ... చూస్త... నేను చెప్త" అని నాలుగు ముక్కలు మాట్లాడి వస్తున్నాడు. దుకాణం బాధలు కాబోలు అనుకున్నాడు ఉప్పలయ్య.

ఏడో కిలోమీటరు దగ్గర కట్ట కోసుకుపోయి గండి పడింది. మోకాలు లోతు బురద. ఉప్పలయ్య పంచె ఎగగట్టి, ముందు గేర్ల సైకిలును భుజాన వేసుకుని దాటించాడు. మళ్లీ వచ్చి సామాను మోశాడు. మళ్లీ వచ్చి తన సైకిలు మోశాడు. నాలుగోసారి కాశీనాథానికి చెయ్యి అందించాడు. అయినా కాశీనాథం జారి నడుం దాకా బురదలో కూర్చున్నాడు. ఇద్దరూ పడీ పడీ నవ్వారు. కాలువలో కడుక్కోమని ఉప్పలయ్య అంటే, "వద్దు, ఉండనీ. వీడియోల మంచిగ కనవడ్తది," అన్నాడు కాశీనాథం.

వంతెన ఇంకో కిలోమీటరున్నర ఉందనగా, ఒక తూము దగ్గర కాశీనాథం బ్రేకు వేశాడు.

"ఉప్పలయ్యా, ఓ మాట."

"చెప్పు."

"వంతెన కాడికి సుధాకర్ గాళ్లు వచ్చిన్రు. టెంటు ఏసిన్రట. సైకిల్ క్లబ్బోళ్లు, పేపరోళ్లు అందరొచ్చిన్రట."

భార్య కూడా వస్తున్న సంగతి గుర్తొచ్చి ఉప్పలయ్య ముఖం వికసించింది. "మంచిగాయె! కొండవ్వ గూడ బస్సెక్కి వస్తనన్నది. మనిద్దరికీ సర్వపిండి కాల్చి తెస్తదట."

కాశీనాథం ముఖంలో ఏదో మారింది. "కొండవ్వ వస్తున్నదా?" అని కాసేపు హ్యాండిల్ మీది బురద గీకుతూ నిలబడ్డాడు. తర్వాత తల ఎత్తకుండానే అన్నాడు: "అది గాదు. నేను ముందుగాల పోత. నువ్వు ఓ అరగంట ఆగి రా."

"ఎందుకు?"

"ఏదో ప్రోగ్రాం వెట్టుకున్నరు. స్టేజీ, దండలు, లొల్లి. నీకు గసోంటివి నచ్చయి గదా. అదంత అయిపోంగనే నువ్వస్తే, ఇద్దరం కలిసి ఆఖరు దాకా పోదాం. గా మూడు కిలోమీటర్లు మనిద్దరివే."

నిజమే, దండలంటే ఉప్పలయ్యకు బెరుకు. తన సంగతి తెలిసిన మనిషి కాబట్టే అలా అన్నాడనుకున్నాడు. "సరే పో. మెల్లగ పో, వంతెన కాడ జారుడుంటది," అన్నాడు. కాశీనాథం వెనక్కి చూడకుండా వెళ్లిపోయాడు.

ఉప్పలయ్య తూము గోడ మీద కూర్చుని కాళ్లు కడుక్కున్నాడు. చేలకు అడ్డంగా మైకు మోత వినిపిస్తోంది గానీ మాటలు గాలికి చెదిరిపోతున్నాయి. చప్పట్లు మాత్రం తెలుస్తున్నాయి. ఆ చప్పట్లకు ఇతడు కూడా కూర్చున్న చోటే నవ్వుకున్నాడు. కాశీకి ఇలాంటివంటే ఇష్టం, పోనీ, ముచ్చట తీరనీ.

అప్పుడు ఫోను మోగింది. కొండవ్వ.

"ఏమయ్యా, ఏడున్నవ్? పానం మంచిగున్నదా?"

"మంచిగున్నది. ఏమైంది?"

"ఎన్నడు వాపస్ వచ్చినవ్? ఏ దవాఖానల ఉన్నవ్? నాకెందుకు చెప్పలే?"

"దవాఖానేంది? నేను గీడ్నే కాలువ కట్ట మీదున్న. ఎవరేమన్నరు?"

"మైకుల అంటున్నరు గదా. కాశీనాథం సేటు ఒక్కడే వచ్చిండట. మూడొందల కిలోమీటర్లు, తోడు లేకుంట, ఒంటరిగ తొక్కిండట. గంత పెద్ద ఫ్లెక్సీ మీద గూడ ఆయినె ఒక్కడే ఉన్నడు. నువ్వు తొవ్వల పడిపోయినవేమో, మాకు చెప్పకుంట దాస్తున్నరేమో అని నాకు కాళ్లు చేతులు ఆడ్తలేవు."

ఉప్పలయ్య తూము గోడ మీంచి లేచాడు.

"ఇంటున్నవా?" అంది కొండవ్వ. "గాడెందుకున్నవ్? ఏం చేస్తున్నవ్?"

"కాశీ ఆగుమన్నడు. అరగంట ఆగి రమ్మన్నడు."

మైకు మోత మధ్య కొండవ్వ మెల్లగా అడిగింది: "ఆగుమంటే ఆగినవా?"

ఫోను పెట్టేసి టైం చూశాడు. కాశీనాథం వెళ్లి పదమూడు నిమిషాలైంది.

ఆ కిలోమీటరున్నర ఎలా తొక్కాడో అతడికి తెలియదు. మడ్‌గార్డులో బురద పట్టినా గోకలేదు, చక్రం తిరగని చోట ఈడ్చుకుపోయాడు. వంతెన పక్కన రోడ్డు మీద టెంటు, యాభై అరవై మంది జనం, వరుసగా కార్లు. స్టేజీ వెనక మనిషికి రెండింతల ఎత్తు ఫ్లెక్సీ. అందులో కాశీనాథం నీళ్ల పక్కన సైకిలు మీద చెయ్యి ఊపుతున్నాడు. ఐదో రోజు తను తీసిందే. కదలకుండా ఊపిరి బిగపట్టి తీసింది. దాని మీద బెత్తెడేసి అక్షరాలతో రాసుంది: "అరవై ఏళ్ల వయసులో ఒంటరి సాహస యాత్ర."

స్టేజీ మీద కాశీనాథం మైకు పట్టుకుని ఉన్నాడు. మెడలో దండ, నడుం దాకా గండిలో అంటిన బురద. మాటలు ఇప్పుడు తేటగా వినిపిస్తున్నాయి.

"మూడో నాడు గుండెల నొప్పి లేచింది. చుట్టుపక్కల పురుగు లేదు. పిలిస్తే పలికేటోడు లేడు. అప్పుడు నాకు నేనే చెప్పుకున్న, కాశీనాథం, ఏం గాదు, ఊపిరి మెల్లగ తీస్కో, ఇంకోటి తీస్కో అని. గట్ల లేచిన. గట్ల తొక్కిన."

చప్పట్లు కొట్టారు. ఎవరో ఈల వేశారు. ఉప్పలయ్య జనం వెనక సైకిలు పట్టుకుని నిలబడిపోయాడు. ఫ్లెక్సీ చూసినప్పుడు కోపం వచ్చింది. ఈ మాటలు విన్నాక కోపం కూడా నిలవలేదు. తన నోటి నుంచి వచ్చిన మాటలవి, ముక్క పొల్లు పోకుండా.

కాశీనాథం కళ్లు అతడి మీద పడ్డాయి. జనం కూడా తిరిగి చూశారు. ఇప్పుడు చెబుతాడు, అనుకున్నాడు ఉప్పలయ్య. ఆ క్షణంలో కూడా నిజంగా అలాగే అనుకున్నాడు.

"మా ఉప్పలయ్య," అన్నాడు కాశీనాథం నవ్వు తెచ్చుకుని. "చిన్ననాటి దోస్తు. నేను వస్తున్ననని తెలిసి, పాపం, గింత బురదల గూడ కాలువ కట్ట మీద నాకు ఎదురొచ్చిండు. ఆయినకు గూడ ఓ శాలువ కప్పాలె."

మళ్లీ చప్పట్లు. సుధాకర్ శాలువ పట్టుకుని గబగబా వచ్చాడు. దగ్గరికి వచ్చి చెవిలో అన్నాడు: "కాకా, ఇప్పుడేం అనకు. నీ కాళ్లు మొక్కుత. ఇంటికి పోయినంక మాట్లాడుకుందాం."

ఉప్పలయ్య అతడి వైపు చూడలేదు. సైకిలును స్టాండు వేశాడు. క్యారియర్‌కు కట్టిన తాడు ముడి బురదకు బిగుసుకుపోయి ఊడలేదు. పంటితో లాగి విప్పాడు. పైనున్న నీలం సంచి తీసి, జనం పక్కకు జరుగుతుంటే నడిచి వెళ్లి, స్టేజీ అంచు మీద కాశీనాథం కాళ్ల ముందు పెట్టాడు.

"నీ సంచి," అన్నాడు. "గుండె గోళీలు పైజేబుల ఉన్నయి. పొద్దుగాల్టిది ఏసుకోలే నువ్వు."

మైకు కాశీనాథం చేతిలోనే ఉంది. ఆ మాటలు టెంటంతా వినిపించాయి. ఒంటరిగా వచ్చిన మనిషి సంచి ఇంకొకరి సైకిలు మీద ఎందుకుందో ముందు వరుసలో కొందరికి అర్థమైంది. ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. వెనకవాళ్లు ఏమీ తోచక ఇంకోసారి చప్పట్లు కొట్టారు. కాశీనాథం వంగి సంచి తీసుకోలేదు. మైకు దించలేదు.

కొండవ్వ కుర్చీల వెనక టిఫిన్ గిన్నె పట్టుకుని నిలబడి ఉంది. భర్తను కాలి నుంచి తల దాకా ఒకసారి చూసుకుంది. "పా," అంది.

"ఇంకా మూడు కిలోమీటర్లున్నది," అన్నాడు ఉప్పలయ్య.

"గీ బురదలనా?"

"ఆఖరు దాకా పోవాలె గదా."

ఆమె చెప్పులు విప్పి చేతిలో పట్టుకుంది. బురదలో ఇద్దరెక్కితే సైకిలు కదలదు. అతడు సైకిలు నడిపిస్తూ, ఆమె పక్కన నడుస్తూ, వంతెన కిందుగా మళ్లీ కట్ట ఎక్కారు. వెనక మైకులో ఇంకెవరో మాట్లాడటం మొదలుపెట్టారు. రాను రాను కాలువ సన్నబడి పిల్లకాలువ అయింది, పిల్లకాలువ మోరీ అంత అయింది. చివరికి ఒక సిమెంటు గూనలోంచి నీళ్లు కుంటలోకి పడుతున్నాయి, బిందె వంచినంత ధారగా. గోదావరి దగ్గర ఆ ఒడ్డు కనపడనంత నీళ్లు చూసి మొదలుపెట్టారు. ఇక్కడ ఈ ధార చూపించి "చూడు కాశీ" అనాలని తొమ్మిది రోజులుగా అనుకున్నాడు.

ముందు చక్రాన్ని నీళ్లలో దింపాడు. అయిపోయింది. ఏదో అవుతుందనుకున్నాడు గానీ ఏమీ కాలేదు. కొండవ్వ గట్టు మీద కూర్చుని సర్వపిండి తుంచి ఇచ్చింది. తినకుండా చేతిలోనే పట్టుకున్నాడు.

"పదమూడు నిమిషాలు ఆగిన," అన్నాడు.

"పోనీ తియ్."

"ఆడు అబద్ధమాడిండు, సరే. నువ్వు ఫోన్ చెయ్యకపోతే నేను అరగంట నిండినదాక గాడ్నే కూసుందును. చప్పట్లు ఇనవడ్తే నవ్వుకుంట కూసున్న కొండవ్వా." అప్పుడు ఏడుపు వచ్చింది. అరవై ఏళ్ల మనిషి మోకాళ్ల మీద ముఖం పెట్టి ఏడుస్తుంటే, కొండవ్వ కుంట వైపు చూస్తూ అతడి వీపు మీద చెయ్యి ఉంచింది.

ఆ తర్వాత మూడో రోజు పొద్దెక్కాక కాశీనాథం ఉప్పలయ్య ఇంటికి వచ్చాడు. ఉప్పలయ్య మగ్గంలో ఉన్నాడు. కొండవ్వ కూర్చోమనలేదు. ఆయన గుమ్మంలోనే నిలబడి చెప్పుకొచ్చాడు. "రెండో నాడు సుధాకర్ గాడే ఒంటరి అని రాసిండు ఉప్పలయ్యా. వీడియోల నేనొక్కన్నే ఉన్న గదా అని. వేల మంది చూసిన్రు. నాలుగో నాడు క్లబ్బోళ్లు ఫోన్ చేసి సన్మానం అన్నరు. దిద్దుదామనే అనుకున్న. ఇయ్యాల, రేపు అనుకుంట..."

"నాలుగో నాడే నీకు ఎరికనా?" ఉప్పలయ్య మగ్గం ఆపాడు.

కాశీనాథం గుమ్మం చెక్కను గోటితో గీకుతున్నాడు.

"మూడో నాడు నా చెయ్యి పట్టుకుని ఏడ్చినవ్. నాలుగో నాడు నన్ను తీసేసినవ్. మల్ల ఐదు రోజులు నా చేత బురద గోకిచ్చుకున్నవ్, నాతోని నవ్వినవ్, నేను వండింది తిన్నవ్. ఎట్ల తిన్నవ్ కాశీ?"

"తప్పయింది. పేపర్ల ఏపిస్త. ఇద్దరం పోయినమని, నువ్వే ముందున్నవని మొత్తం రాపిస్త."

"నాకు పేపరొద్దు."

"ఏపిస్త. నా మాట ఇను."

"ఒద్దన్న గదా. పో." ఉప్పలయ్య మళ్లీ తొక్కడం మొదలుపెట్టాడు. మగ్గం చప్పుడులో కాశీనాథం ఇంకా ఏదో అన్నాడు గానీ వినపడలేదు. ఎప్పుడు వెళ్లాడో చూడలేదు.

మర్నాడు పొద్దున ఉప్పలయ్య చాయ్ హోటలుకు పోయి, బల్ల మీది పేపరు అందుకుని, సిద్దిపేట పేజీ తీశాడు. కింది నుంచి పై దాకా చూసి మడిచి పెట్టాడు. ఆ మర్నాడూ చూశాడు. ఎవరైనా గమనిస్తున్నారేమోనని ముందు సినిమా పేజీ తిప్పి, తర్వాత ఇటు తిరిగేవాడు. ఒకరోజు కాశీనాథం ఫోటో ఉంది. క్లబ్బులో పిల్లలకు సైకిలు తొక్కితే వచ్చే ఆరోగ్యం గురించి చెబుతున్నాడు. దాని కింద నాలుగు వరుసలున్నాయి. రెండుసార్లు చదివాడు, తన పేరు ఎక్కడా లేదు.

"ఏం చూస్తున్నవ్ గంతగనం?" అని హోటలాయన అడిగితే, "వాన ఉన్నదా అని," అన్నాడు.

అలా ఎనిమిదో రోజు కూడా బల్ల మీద పేపరు ఉంది. ఉప్పలయ్య చాయ్ తాగి, పేపరు తెరవకుండా గ్లాసు దాని మీదే పెట్టి, ఇంటికి వచ్చి మగ్గంలో దిగాడు.